ఫుట్‌పాత్‌కి అడ్డంగా ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే

తిరుపతిలో మీ వీధి ఫుట్‌పాత్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగిపోయి, పిల్లలు సైకిళ్లతో బస్సుల మధ్యకి దిగాల్సి వస్తోందన్నారు కదండీ. అర్జీలో ఊరికే ‘తగు చర్యలు తీసుకోగలరు’ అని రాస్తే ఆ కాగితం కట్టలో కలిసిపోతుంది. టేపు పట్టుకెళ్లి కొలవండి. ఫుట్‌పాత్‌ల కొలతలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఐఆర్‌సీ 103 ప్రకారం నడవడానికి అడ్డు లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. టేపు మీద అంకె కనిపించేలా ఫొటో తీసి, అర్జీతో పాటు వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శికి ఇవ్వండి. రసీదు అడిగి తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి వెళ్లండి.

పక్కనున్న టిఫిన్ బండి జోలికి మాత్రం పోకండి (పొద్దున్నే ఆ ఇడ్లీ లేకపోతే సగం వీధి పస్తే). 2014 వీధి వ్యాపారుల చట్టం కింద ఆ సంగతి టౌన్ వెండింగ్ కమిటీ (వీధి వ్యాపారుల విషయాలు చూసే కమిటీ) చూడాలి. ట్రాన్స్‌ఫార్మర్ జరపడం కరెంటోళ్ల పని, వాళ్లకి వేరే అర్జీ పెట్టండి.