ట్రాకింగ్ బాక్స్ వస్తువును వదిలేసి పక్కకు జారిపోతుంటే

వీడియోలో ఓఆర్‌బీ ఫీచర్లతో (బొమ్మలో తేలిగ్గా గుర్తుపట్టగల మూలల్లాంటి పాయింట్లతో) ఆటోను ట్రాక్ చేస్తుంటే కొన్ని సెకన్లకే బాక్స్ ఆటోను వదిలేసి రోడ్డు మీద ఉండిపోతోందని అడిగారు. కోడ్ పెట్టలేదు గానీ, ప్రతి ఫ్రేమ్‌లోనూ పాత బాక్స్‌లో ఉన్నదాన్ని కోసి కొత్త టెంప్లేట్‌గా, అంటే తర్వాతి ఫ్రేమ్‌లో పోల్చి వెతికే నమూనాగా, వాడుతున్నారని నా అనుమానం. నేనూ అదే చేసి దెబ్బతిన్నాను.

మాది బరంపురం. గోపాల్‌పూర్‌లో మావయ్య వాళ్ల పడవ ఒడ్డుకు వస్తుంటే ఫోన్‌తో వీడియో తీసి, దాని మీదే ప్రయోగం మొదలుపెట్టాను. ఫలితం చూపిస్తే మావయ్య కాసేపు చూసి, "ఏట్రా, పడవ ఇక్కడుంటే నీ డబ్బా అల మీద ఊగుతోంది?" అన్నాడు.

ఒక్కో ఫ్రేమ్ ఆపి చూశాను. బాక్స్ నలుచదరం, పడవ కాదు కదా, అంచుల్లో నురగ దూరింది. నీలం రంగు వేసిన పడవ ఒంటి మీద పాయింట్లు లేవు, ఉన్న కాసినీ నంబరు అక్షరాల మీదే. నురగ మీద మాత్రం గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. టెంప్లేట్ మార్చిన ప్రతిసారీ నురగ వాటా కాస్త పెరిగి, చివరికి నా ప్రోగ్రాం లెక్కలో నురగే పడవైపోయింది.

పైగా ఓపెన్‌సీవీ అనే ఇమేజ్ ప్రాసెసింగ్ లైబ్రరీలో మనం మార్చకపోతే ఓఆర్‌బీ 500 పాయింట్ల దగ్గరే ఆగుతుంది. ఫ్రేమ్ మొత్తం మీద వెతికిస్తే నా పడవకు 20 కూడా దక్కలేదు. పాత బాక్స్ చుట్టూ కొంచెం పెద్ద ముక్క కోసి అందులోనే వెతికించండి. నా బాధ సగం దీంతోనే తీరింది.

టెంప్లేట్ మొదటి ఫ్రేమ్‌దే ఉంచి, ఆటో ఆకారానికి మాస్క్ గీయండి, దాని బయట పాయింట్లు తీసుకోదు. టెంప్లేట్‌లోని ఒక్కో పాయింట్‌కు కొత్త ఫ్రేమ్‌లో బాగా పోలిన రెండేసి జోడీలు తీసుకుని, మొదటిదాని దూరం (పోలికలో తేడా) రెండోదానిలో 0.75 వంతు కంటే తక్కువైతేనే నమ్మండి. అలలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఈ పరీక్షలో చాలావరకు రాలిపోతాయి. క్రాస్‌చెక్ (రెండు వైపుల నుంచీ జోడీ కుదిరిందా అని చూసే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే రెండేసి జోడీలు అడగగానే ఎర్రర్ వస్తుంది, ఆఫ్ చేసుకోండి. తర్వాత రాన్‌సాక్, అంటే ఎక్కువ జోడీలు ఒప్పుకునే కదలికను పట్టుకుని, మిగతా జోడీలను తప్పుడువిగా తీసేసే పద్ధతి. చూసే కోణం మార్పును కూడా లెక్కగట్టే హోమోగ్రఫీకి 4 జోడీలు చాలు గానీ, చిన్న వస్తువుకు బాక్స్ అప్పడంలా వంకర్లు పోతుంది. నేను జరుగుడు, తిరుగుడు, సైజు మాత్రమే లెక్కగట్టే ఎస్టిమేట్ అఫైన్ పార్షియల్ టూడీ అనే ఫంక్షన్‌కి మారాను. 12 జోడీలు నిలవకపోతే బాక్స్‌ను కదపను.

ఆటో మలుపు తిరిగి వెనక భాగం కనిపిస్తే మాత్రం పక్క నుంచి తీసిన టెంప్లేట్ పనికిరాదు. వెనక నుంచి ఇంకొకటి తీసి పెట్టుకోండి.