కాలం గడిచేకొద్దీ గురుత్వాకర్షణ బలం మారుతుందా?

మారుతున్నట్లు ఇప్పటిదాకా ఏ కొలతలోనూ తేలలేదు. రెండు వస్తువుల మధ్య ఆకర్షణ వాటి ద్రవ్యరాశి, దూరాలతో పాటు ‘జీ’ అనే స్థిరాంకం మీద ఆధారపడుతుంది. అది నెమ్మదిగా తగ్గుతుండవచ్చని 1937లో భౌతిక శాస్త్రవేత్త పాల్ డిరాక్ ఊహించాడు. ఊహ అందమైనదే, కానీ పరీక్షకు నిలవలేదు. 1969 నుంచి చంద్రుడి మీద అమర్చిన అద్దాలకు లేజర్ కాంతిని పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని కొలుస్తున్నారు. ‘జీ’లో మార్పంటూ ఉంటే చంద్రుడి కక్ష్యలో కనబడాలి, ఏడాదికి లక్ష కోట్లలో ఒక వంతు మార్పు కూడా కనబడలేదు.

పాలంపేట రామప్ప గుడినే తీసుకోండి. 1213లో శిల్పి చేతినుంచి జారిన ఉలి సుమారు 4.9 మీటర్లు పడటానికి ఒక సెకను పట్టి ఉంటుంది. ఇప్పుడు జారవిడిచినా అంతే.

చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరమవుతున్నాడు కాబట్టి ఆకర్షణ బలహీనపడుతోందని చాలామంది అనుకుంటారు. అసలు కారణం సముద్రపు ఆటుపోట్లు. అవి భూభ్రమణాన్ని నెమ్మదింపజేస్తూ ఆ భ్రమణ శక్తిలో కొంత చంద్రుడికి అందిస్తాయి, దాంతో అతని కక్ష్య పెద్దదవుతుంది.