మధ్యాహ్నం సోలార్ ఇన్వర్టర్ ఎందుకు ఆగిపోతోంది, ‘ట్రాన్స్‌ఫార్మర్ నిండిపోయింది’ అన్న మాట ఎంతవరకు నిజం?

మీ వీధిలోని 100 కేవీఏ (సుమారు 100 కిలోవాట్లు మోయగల) ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇప్పటికే పాతిక ఇళ్లకు 3 కిలోవాట్ల చొప్పున సోలార్ వచ్చిందని, ఎండ బాగా కాసే వేళ మీ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) ‘గ్రిడ్ ఓవర్ వోల్టేజ్’ అని చూపించి ఆగిపోతోందని, మీ పక్కింటివారి దరఖాస్తును పంపిణీ సంస్థవారు ‘ట్రాన్స్‌ఫార్మర్ నిండిపోయింది’ అని పక్కన పెట్టారని రాశారు. నిబంధనలు ఎవరి పక్షాన ఉన్నాయనీ అడిగారు. నేను కోస్తా జిల్లాల్లో విద్యుత్ పంపిణీ ఇంజినీరుగా చాలాకాలం పనిచేశాను. ఇలాంటి ఫిర్యాదుల మీద స్తంభాల దగ్గర నిలబడి కొలతలు తీసిన అనుభవంతో చెబుతున్నాను: మీ ట్రాన్స్‌ఫార్మర్ నిండలేదు, మీ వీధిలో వోల్టేజీ పెరుగుతోంది. ఈ రెండూ వేర్వేరు సమస్యలు, వాటికి పరిష్కారాలూ వేర్వేరు.

పాతిక ఇళ్లూ ఒకేసారి పూర్తి సామర్థ్యంతో ఉత్పత్తి చేసినా 75 కిలోవాట్లు. అందులో కొంత ఆ ఇళ్లలోనే ఫ్యాన్లకూ ఫ్రిజ్‌లకూ ఖర్చవుతుంది. మిగిలింది వెనక్కి ప్రవహించినా ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యానికి లోపలే ఉంటుంది. అసలు చిక్కు ఆ ట్రాన్స్‌ఫార్మర్ తయారైన తీరులోనే ఉంది. మన దేశంలో పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్లను 11 కేవీ నుంచి 433 వోల్టులకు దించేలా చేస్తారు. అంటే లోడు లేనప్పుడు రెండు ఫేజు తీగల మధ్య 433, ఒక్కో ఫేజు తీగకూ న్యూట్రల్‌కూ (కరెంటు తిరిగి వెళ్లే తీగకూ) మధ్య 250 వోల్టులు ఉంటాయి. సాయంత్రం ఇళ్లన్నీ కరెంటు లాగుతున్నప్పుడు దారిలో వోల్టేజీ తగ్గి, వీధి చివరి ఇంటికి 230కి అటూఇటూగా చేరాలన్నది ఆ లెక్క. విద్యుత్తు ఎప్పుడూ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇంటికే వెళుతుందన్న నమ్మకంతో వేసిన లెక్క అది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో ఇచ్చిన నిబంధనల ప్రకారం వోల్టేజీ 110 శాతం దాటితే, అంటే 253 వోల్టులు దాటితే, ఇన్వర్టర్ 2 సెకన్లలోపు ఆగిపోవాలి. 250కీ 253కీ మధ్య మిగిలేది మూడు వోల్టులు మాత్రమే. మధ్యాహ్నం ఇంటి నుంచి వీధిలోకి కరెంటు పోవాలంటే ఇంటి దగ్గర వోల్టేజీ స్తంభం దగ్గరి కంటే ఎక్కువ ఉండి తీరాలి. కాబట్టి వీధిలో లోడు పలచగా ఉండే ఆ వేళ ఇన్వర్టర్ ఆగిపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఎంత ఎక్కువ అన్నది వైరు మీద ఆధారపడుతుంది. ఒక కాలనీలో ఇలాంటి ఫిర్యాదే వస్తే స్తంభం దగ్గరా, మేడ మీది ఇన్వర్టర్ దగ్గరా ఒకే సమయంలో మీటరు పెట్టి చూశాం. తేడా 9 వోల్టుల దాకా ఉంది. స్తంభం నుంచి మీటరుకు, మీటరు నుంచి మేడ మీదకు కలిపి సుమారు 50 మీటర్ల పొడవున 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వైరు వేశారు. ఆ వైరుకు కిలోమీటరుకు 7.4 ఓములు నిరోధం. రానుపోను 100 మీటర్లకు 0.74 ఓములు, 3 కిలోవాట్లకు సుమారు 12 ఆంపియర్లు. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేది దాదాపు ఆ 9 వోల్టులే. వైరును 10 చదరపు మిల్లీమీటర్లకు మార్చాక తేడా 4 వోల్టుల లోపుకు దిగింది, ఇన్వర్టర్ ఆగడం మానేసింది. ఇన్వర్టర్‌నూ ప్యానెళ్లనూ మార్చాల్సిన పనే రాలేదు.

మీ వీధిలో ఇంకో రెండు విషయాలు తప్పకుండా చూడమనండి. సింగిల్ ఫేజు సోలార్ కనెక్షన్లన్నీ ఒకే ఫేజు మీద పడి ఉంటే న్యూట్రల్‌లో కరెంటు పెరిగి, ఆ ఫేజులో వోల్టేజీ మిగతా రెండింటికంటే ఎక్కువ అవుతుంది. లైన్‌మన్ సర్వీసులను మూడు ఫేజులకూ సమానంగా పంచితే చాలావరకు సర్దుకుంటుంది, దీనికి పైసా సామగ్రి అక్కర్లేదు. రెండోది సబ్‌స్టేషన్‌లోని ట్యాపు, అంటే అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే వోల్టేజీని పెంచే, తగ్గించే అమరిక. సాయంత్రం ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే 11 కేవీ లైను) చివరి ఊళ్లకు వోల్టేజీ అందడం కోసం దాన్ని పైకి పెట్టి రోజంతా అలాగే వదిలేయడం మామూలే. ఒకప్పుడు దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు, ఇప్పుడు మధ్యాహ్నం అదే మీ ఇన్వర్టర్‌ను ఆపుతోంది. వీధిలోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్లకు చాలావరకు ట్యాపులు ఉండవు కాబట్టి సవరణ సబ్‌స్టేషన్‌లోనే జరగాలి.

సోలార్ అమర్చినవారు వచ్చి ‘సెట్టింగు మార్చి 270 వరకు పెంచేస్తాం’ అంటే దయచేసి ఒప్పుకోవద్దు. ఆ వోల్టేజీ మీ ఇన్వర్టర్‌తో ఆగదు, ఇరుగుపొరుగు ఇళ్లలోని ఫ్రిజ్‌లకూ టీవీలకూ అదే అందుతుంది. అలాగే సరఫరా పోయినప్పుడు సోలార్ కూడా ఆగిపోవాలన్న నిబంధనను తప్పించే మార్పులు అసలు చేయించకండి. లైను ఆపుకుని స్తంభం ఎక్కిన మనిషి ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక నిబంధనలు ఎవరి పక్షాన ఉన్నాయన్న మీ ప్రశ్నకు వస్తాను. విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలకు 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణ ప్రకారం 10 కిలోవాట్ల వరకు ఉండే ఇంటిపై సోలార్ దరఖాస్తులను సాంకేతిక అధ్యయనం లేకుండానే ఆమోదించినట్లు భావించాలి. 5 కిలోవాట్ల వరకు పంపిణీ వ్యవస్థను బలపరచాల్సి వస్తే ఆ ఖర్చు పంపిణీ సంస్థదే. కాబట్టి మీ పక్కింటివారికి ‘నిండిపోయింది’ అన్న నోటిమాట సరిపోదు. అయితే పంపిణీ సంస్థల ఇబ్బందినీ నేను తేలిగ్గా తీసుకోను. పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్లను లక్ష్యంగా పెట్టుకుని 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది. ప్యానెళ్లకు ఇంత డబ్బు పెట్టేటప్పుడు, వీధి లైన్ల బలోపేతానికీ, ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వోల్టేజీని నమోదు చేసే మీటర్లకూ అంతే శ్రద్ధ చూపాలన్నది నా గట్టి అభిప్రాయం. కొలత లేనిచోట ఇంజినీరుకు భద్రంగా కనిపించే ఒకే ఒక్క సమాధానం ‘కుదరదు’.

ఇన్వర్టర్ ప్రవర్తనకు సంబంధించిన నిబంధన కూడా మారాలి. హద్దు దాటగానే పూర్తిగా ఆగిపోవడం కంటే, హద్దు దగ్గరపడేకొద్దీ ఉత్పత్తిని మెల్లగా తగ్గించుకోవడం వినియోగదారుకూ గ్రిడ్‌కూ మేలు. జర్మనీలో పాత ఇన్వర్టర్లన్నీ గ్రిడ్ ఫ్రీక్వెన్సీ (కరెంటు సెకనుకు ఎన్ని ఆవర్తనాలు చేస్తుందన్న కొలత, మామూలుగా 50 హెర్ట్జ్) 50.2 హెర్ట్జ్ చేరగానే ఒక్కసారిగా ఆగిపోయేలా ఉండేవి. అవన్నీ ఒకే క్షణంలో ఆగితే, యూరప్ గ్రిడ్ తక్షణ అవసరానికి సిద్ధంగా ఉంచుకునే 3,000 మెగావాట్లు కూడా చాలవని తేలింది. దాంతో 2012లో ప్రత్యేక ఉత్తర్వు తెచ్చి, లక్షలాది ఇన్వర్టర్లను ఖర్చుపెట్టి సరిచేయాల్సి వచ్చింది. మన 2013 నిబంధనల్లో 50.5 హెర్ట్జ్ దగ్గర 0.2 సెకన్లలో ఆగిపోవాలని ఉంది. కోటి ఇళ్లు పూర్తికాకముందే దీని గురించి ఆలోచించడం చవక. దక్షిణ ఆస్ట్రేలియాలో 2021 మార్చి 14న గ్రిడ్ నిర్వాహకుల ఆదేశం మీద ఇళ్ల సోలార్‌ను కొంత ఆపాల్సి వచ్చింది. అక్కడి పంపిణీ సంస్థ కొత్త కనెక్షన్లకు రెండు దారులు చూపింది: ఎప్పుడూ 1.5 కిలోవాట్లకు మించి పంపకుండా ఉండడం, లేదా లైనులో చోటును బట్టి మారే పరిమితికి ఒప్పుకుని 10 కిలోవాట్ల వరకు పంపడం. ఏడాదిలో కొన్ని గంటల ఇబ్బంది కోసం ఎవరినీ ఏడాది పొడవునా వెలుపల నిలబెట్టని పద్ధతి అది. మన రాష్ట్రాల నియంత్రణ మండళ్లు ఇలాంటిదాన్ని పరిశీలించాలని నా కోరిక.

ప్రస్తుతానికి మీరు చేయవలసింది ఇది. ఎండ బాగా ఉన్న కొన్ని రోజులు ఉదయం 11 నుంచి 2 గంటల మధ్య ఇన్వర్టర్ యాప్‌లో కనిపించే వోల్టేజీని, ఆగిన సమయాలతో సహా రాసిపెట్టండి. మీ సర్వీసు వైరు మందం, పొడవు, మీరు ఏ ఫేజులో ఉన్నారో కనుక్కోండి. వాటన్నిటినీ జతచేసి, స్తంభం దగ్గరా ఇన్వర్టర్ దగ్గరా ఒకేసారి కొలవాలని, ఫేజుల పంపకాన్నీ సబ్‌స్టేషన్ ట్యాపునూ పరిశీలించాలని ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. పక్కింటివారు తమ తిరస్కరణను కారణంతో సహా కాగితం మీద ఇవ్వమని అడగాలి. జవాబు రాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా తేలకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. మీ వైరు మందం, పొడవు ఇక్కడ రాస్తే ఎంత వోల్టేజీ పెరుగుతుందో నేనే లెక్కకట్టి చెబుతాను.