మందుకు గిరాకీ ఉంటే షేరు కొనవచ్చా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. గుండె లయ తప్పడంతో మా నాన్నగారు ఏడాదిగా రోజుకు రెండు పూటలా అపిక్సబాన్ మాత్ర వేసుకుంటున్నారు. రక్తం గడ్డకట్టకుండా చూసే ఇలాంటి మందులకు ప్రపంచమంతటా గిరాకీ పెరుగుతోందని చదివాను. మా అమ్మాయి ఇంజినీరింగ్ కోసం దాచిన 8 లక్షల డిపాజిట్ గడువు వచ్చే నెలతో తీరుతుంది. ఫీజు కట్టడానికి ఇంకా రెండేళ్లుంది. ఈలోపు ఆ మందులు చేసే కంపెనీ షేర్లు కొనమంటారా?

జవాబు: వద్దండీ. గిరాకీ గురించి మీరు చదివింది నిజమే. ఎలిక్విస్ పేరుతో ఇదే మందును అమ్మే బ్రిస్టల్ మైయర్స్ స్క్విబ్‌కు 2024లో దీని మీదే 1,300 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. అయితే ఆ రాబడికి కాపలా పేటెంటు, అంటే కొన్నేళ్లపాటు ఆ మందును ఇతరులు చేయకుండా కంపెనీకి ఉండే హక్కు. మన దేశంలో అది 2022లో తీరిపోగానే ఎన్నో కంపెనీలు ఇదే మాత్ర తెచ్చాయి. అమెరికాలో ఇలా వేరే కంపెనీలు చేసే జనరిక్‌ల రాక 2028 ఏప్రిల్‌లో. ఈలోపే అక్కడి ప్రభుత్వం వృద్ధుల ఆరోగ్య బీమా పథకమైన మెడికేర్ కోసం బేరమాడి, 521 డాలర్లున్న నెల మందు ధరను 2026 జనవరి నుంచి 231కి దించింది. వాడేవారు పెరిగినా కంపెనీకి మిగిలేది పెరగాలని లేదు.

మన హైదరాబాద్‌ సంగతే చూడండి. రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ ఇంజెక్షన్లకు పేరున్న గ్లాండ్ ఫార్మా 2020 నవంబరులో షేరు 1,500 రూపాయలకు ఇచ్చింది. మరుసటి ఏడాది అది 4,000 దాటింది. 2023 మేలో 1,000 కిందికి వచ్చింది. ఆసుపత్రులేమీ హెపారిన్ వాడటం మానలేదు. 4,000 దగ్గర 8 లక్షలు పెట్టినవారి చేతిలో 200 షేర్లుంటాయి. ఆ మేలో ఫీజు కట్టాల్సి వచ్చి అమ్మితే 2 లక్షలు కూడా రావు. మీ అమ్మాయి సీటు అలాంటి నెల మీద ఆధారపడకూడదు.

కాబట్టి ఆ సొమ్మును మళ్లీ డిపాజిట్‌లోనే వేయండి, కానీ నాలుగు ముక్కలుగా. ఒక్కొక్కటి ఒక్కో ఏడాది ఫీజు సమయానికి చేతికందాలి. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో 5 లక్షల వరకే కనుక రెండు బ్యాంకుల్లో పెట్టండి. ఫార్మా మీద అంత నమ్మకముంటే, ఏడేళ్లు ముట్టుకోనక్కరలేని డబ్బు వేరే ఉన్నప్పుడు మ్యూచువల్ ఫండు ద్వారా కొద్దికొద్దిగా వెళ్లండి.

ఇక నాన్నగారి మందు. ఇదే మాత్ర తక్కువ ధరకు వేరే కంపెనీది దొరుకుతుందేమో డాక్టరుగారిని అడగండి. ఖర్చు కలిసొస్తుందని మాత్రం ఒక్క పూట కూడా మాన్పించకండి. దీని ప్రభావం ఒకటి రెండు రోజుల్లోనే తగ్గిపోతుంది, పక్షవాతం ముప్పు మళ్లీ మొదలవుతుంది. షీటులో పది మాత్రలు మిగిలి ఉండగానే కొత్తది తెచ్చిపెట్టండి.