బొలెరో పికప్‌కి అదనపు డీజిల్ ట్యాంక్, టూల్ బాక్స్ పెట్టించుకోవచ్చా?

అన్నా, మీరు అడిగింది ఇది: అనంతపురం నుంచి వారానికి రెండుసార్లు బొలెరో పికప్‌లో బళ్ళారికి సరుకు తోలుతున్నారు, మిగతా రోజులు చుట్టుపక్కల బాడుగలు. అన్నీ కలిపి వారానికి 700 కిలోమీటర్లు తిరుగుతుంది. కర్ణాటకలో డీజిల్ తక్కువ కాబట్టి అక్కడే నింపుకుని రావడానికి 100 లీటర్ల ట్యాంక్ ఇంకొకటి బిగించి, పనిలో పనిగా టూల్ బాక్స్ కూడా పెట్టిద్దామనుకుంటున్నారు.

ఈ రెండూ నేను చేయించినవే. టూల్ బాక్స్ ఇప్పటికీ బండికి ఉంది. ట్యాంక్‌ని పద్నాలుగు నెలలకే తీయించేశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మీ లెక్కే చూద్దాం. మీ బండి ట్యాంక్‌లో దాదాపు 60 లీటర్లు పడుతుంది. లోడుతో 12 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే వారానికి మీకు కావలసింది 58 లీటర్లు. వారానికి రెండుసార్లు బళ్ళారి వెళ్తున్నారు కదా, వెళ్ళిన ప్రతిసారీ ఫుల్ చేయించినా ఆ ట్యాంకే సరిపోతుంది. ఇక్కడి బంకులో ఒక్క లీటరు కూడా కొట్టించాల్సిన పని లేదు. కొత్త ట్యాంక్ మీకు మిగిల్చేది ఏమీ లేదు. నేను ఈ లెక్క ట్యాంక్ బిగించాక వేసుకున్నాను, మీరు ముందే వేసుకోండి.

నా పని బోరు మోటార్లు ఎత్తడం, దించడం, రిపేరు చేయడం. కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ వైపు పల్లెలన్నీ తిరుగుతాను. లోపలి పల్లెల్లో బంకు దూరమని, బళ్ళారి వైపు వెళ్ళినప్పుడు ఎక్కువ నింపుకుందామని 80 లీటర్ల ట్యాంక్ చేయించాను. తుప్పు పట్టదని షాపాయన జీఐ రేకుతో చేశాడు. మెయిన్ ట్యాంక్ నుంచి ఇంజిన్‌కి వెళ్ళే పైపులో త్రీ వే కాక్ పెట్టి, అటు తిప్పితే పాత ట్యాంక్, ఇటు తిప్పితే కొత్త ట్యాంక్ అన్నాడు. చూడడానికి చాలా బాగుంది.

మొదటి నెలలోనే డీజిల్ కారడం మొదలైంది. ఇప్పటి డీజిల్ బండ్లలో ఉండే కామన్ రైల్ ఇంజిన్, పంపు లాగిన డీజిల్ మొత్తాన్ని కాల్చదు. మిగిలినదాన్ని రిటర్న్ పైపులో వెనక్కి ట్యాంక్‌లోకి పంపేస్తుంది. మా షాపాయన తీసుకునే పైపు ఒక్కటే మార్చాడు, రిటర్న్ పైపు పాత ట్యాంక్‌కే ఉండిపోయింది. అంటే ఇంజిన్ కొత్త ట్యాంక్‌లోంచి తాగుతోంది, మిగిలింది పాత ట్యాంక్‌లో పోస్తోంది. పాతది అప్పటికే ఫుల్‌గా ఉంది. ఇక మూత దగ్గర నుంచి కారి రోడ్డంతా డీజిల్. వెనక వస్తున్న బైకు అబ్బాయి పక్కకి వచ్చి, చెయ్యి ఊపి చెబితే గానీ నాకు తెలియలేదు. ఆ బైకు జారి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

రిటర్న్ పైపుకి కూడా కాక్ పెట్టించాను. కొన్నాళ్ళు బాగానే ఉంది. ఆ తర్వాత మే నెలలో కళ్యాణదుర్గం దాటాక బండికి లాగే బలం తగ్గిపోయింది. యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంజిన్ గొంతు పట్టుకున్నట్టు లాగుతోంది, చిన్న ఎత్తు కూడా ఎక్కడం లేదు. ఆ రోజు ఒక రైతు చీనీ (బత్తాయి) తోటకి మోటారు దించాలి. నాలుగు రోజులుగా చెట్లకి నీళ్ళు లేవు, ఆయన ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. మెకానిక్ వచ్చి ఫిల్టర్ విప్పి, అడుగున ఉన్నదాన్ని వేలితో తీసి నా అరచేతిలో పెట్టాడు. తెల్లగా, బూడిద రంగు కలిసి, తడిసిన సబ్బు ముక్కలా జారుతోంది. జీఐ రేకు మీద ఉండేది జింకు పూత. డీజిల్‌లో ఉండే ఆమ్లాలు ఆ జింకుతో కలిసి నిజంగానే ఒక రకం సబ్బు తయారవుతుంది. అదే ఫిల్టర్‌ని మూసేస్తుంది, ఫిల్టర్ దాటితే ఇంజెక్టర్ల దాకా పోతుంది. నాకు రెండు ఇంజెక్టర్లు పోయాయి. మోటారు మర్నాడు సాయంత్రానికి గానీ దించలేకపోయాను. ఎన్నేళ్ళో పెంచిన చెట్లు ఆకు ముడుచుకుని నిలబడ్డాయి. నా ట్యాంక్ వల్ల ఆ తోటకి ఒక రోజు నష్టం జరిగిందని ఇప్పటికీ బాధే.

ఇక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చడానికి లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో చేర్చిన 182ఎ ప్రకారం అనుమతి లేకుండా మార్పు చేస్తే ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ. నా బండి ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) వెళ్ళినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఇంజిన్ లైన్‌కి కలిపిన ట్యాంక్ చూసి, తీసేసి రమ్మన్నారు. ఆయన చెప్పింది న్యాయమే. ఎనిమిదేళ్ళ లోపు బండికి రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ చేయించాలి, ప్రతిసారీ విప్పి బిగించే పని కాదది. మంటలంటుకుని ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అడిగేది కూడా ఈ మార్పు గురించే.

డీజిల్ ఎక్కువ ఉంచుకుంటే లైసెన్స్ కావాలని కొందరు భయపెడతారు. అది అనవసర భయం. డీజిల్ బి తరగతి పెట్రోలియం. మొత్తం 2,500 లీటర్లు దాటకుండా, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లు మించకుండా ఉంటే 1934 పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. ఇబ్బంది డీజిల్‌తో కాదు, బండి లైన్‌ని కోయడంతో.

పొలాల్లో కంప్రెసర్‌కో జనరేటర్‌కో డీజిల్ మోయాల్సిన వాళ్ళుంటారు. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే, బండి ఇంజిన్ పైపుల జోలికి పోవద్దు. విడి ట్యాంక్‌ని సరుకులాగా బాడీలో పెట్టి, బెల్టులతో గట్టిగా కట్టి, చేతి పంపుతో తోడుకోండి. రేకు మామూలు ఇనుముది గానీ, అల్యూమినియంది గానీ, స్టీలుది గానీ ఉండాలి, జీఐ అసలు వద్దు. లోపల అడ్డ రేకులు వేయించాలి, లేకపోతే సగం ఖాళీ ట్యాంక్‌లో డీజిల్ అటూ ఇటూ కొట్టుకుని మలుపులో బండిని లాగేస్తుంది. అడుగున నీళ్ళు వదలడానికి డ్రైన్ బోల్టు, పైన గాలి గొట్టం తప్పనిసరి. గొంతు దాకా నింపకండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు నింపిన 100 లీటర్లు మన ఎండకి 20 డిగ్రీలు వేడెక్కితే లీటరున్నర పైనే పొంగుతాయి. వెల్డింగ్ అయ్యాక కొద్దిపాటి గాలి ఎక్కించి సబ్బు నీళ్ళు పూసి బుడగలు చూడాలి. డీజిల్ పోసిన తర్వాత మాత్రం ఆ ట్యాంక్‌ని వెల్డింగ్‌కి తీసుకెళ్ళొద్దు, ఖాళీగా కనిపించినా లోపలి ఆవిరి పేలుతుంది.

బరువు కూడా చూసుకోండి. 100 లీటర్ల డీజిల్ 83 కిలోలు, ట్యాంక్ ఇంకో పాతిక, టూల్ బాక్స్, పానాలు కలిపి ఇంకో వంద దాకా అవుతాయి. అంటే ఖాళీ బండికే 200 కిలోలు ఎక్కినట్టు. అదంతా మీ లోడులోంచి పోయేదే. ఓవర్‌లోడు అయితే చట్టంలో 20,000 జరిమానా ఉంది.

టూల్ బాక్స్ మాత్రం తప్పకుండా పెట్టించుకోండి. నాకైతే ఇంత బాగా పనికొచ్చినది బండిలో ఇంకొకటి లేదు. ఇంతకు ముందు పైపు రెంచులు, గొలుసులు, జాకీ అన్నీ గోతంలో వేసి బాడీలో పడేసేవాణ్ణి. రాత్రి బండి ఆపిన చోట రెండుసార్లు పోయాయి. ఇప్పుడు బాడీ కింద, క్యాబిన్‌కీ వెనక చక్రానికీ మధ్య, సైలెన్సర్ లేని వైపు మూడున్నర అడుగుల బాక్స్ ఉంది. 16 గేజి రేకు. ఛాసిస్‌కి రంధ్రం వేయనివ్వలేదు, వెల్డింగ్ పెట్టనివ్వలేదు. రెండు యాంగ్లర్ బ్రాకెట్లని యు బోల్టులతో బిగించి, మధ్యలో రబ్బరు ముక్కలు వేశారు. ఛాసిస్‌కి కన్నం పెడితే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది, లోడు బండికి ఆ తప్పు చేయకూడదు. బండి మీద ఎక్కడ వెల్డింగ్ చేసినా బ్యాటరీ వైర్లు తీయించండి, లేకపోతే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) కాలిపోవచ్చు.

తలుపు కిందికి తెరుచుకునేలా రెండు వైపులా గొలుసులు పెట్టించాను. తెరిస్తే చిన్న బల్ల అవుతుంది, దాని మీదే కేబుల్ జాయింట్ వేసుకుంటాను. చుట్టూ రబ్బరు బీడింగ్, అడుగున నీళ్ళు పోవడానికి రెండు చిన్న కన్నాలు, లోపల పాత కన్వేయర్ బెల్టు ముక్క పరిచాను, గతుకుల్లో చప్పుడు రాదు. బాడీ వెడల్పు దాటి బయటికి రాకుండా, బోల్టులు విప్పితే ఊడొచ్చేలా ఉంది కాబట్టి ఎఫ్‌సీలో నా బాక్స్‌కి అభ్యంతరం చెప్పలేదు. అయినా మీరు చేయించే ముందు ఆర్టీఏ ఆఫీసులో ఒక మాట అడగండి, తర్వాత విప్పించే బాధ ఉండదు.

షాపుకి వెళ్ళే ముందు ఒక పని చేయండి. మీ సామాన్లన్నీ ఇంటి ముందు నేల మీద పరిచి, రోజూ వాడేవి ఒక పక్క, నెలకోసారి తీసేవి ఒక పక్క పెట్టి, మొదటి కుప్పనే కొలవండి. బాక్స్ సైజు దాన్ని బట్టే చెప్పండి. లోడు వేసి బండిని నిలబెట్టి, బాక్స్ అడుగు నుంచి నేలకి ఎంత మిగులుతుందో కూడా అప్పుడే చూసుకోండి. నాది మొదట కిందికి వేలాడింది, పొలం గట్టుకి తగిలి మూల సొట్టపోయింది. మళ్ళీ రెండు అంగుళాలు పైకి లేపించాను.