లెక్క చేస్తారు సరే, ఆలోచిస్తున్నారా?

ప్రశ్న: మాది అనంతపురం. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి మారతహళ్లి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెబుతున్నాను. క్లాసుకి 46 మంది. పుస్తకంలో ఉన్న మోడల్ లెక్క ఇస్తే టకటకా చేసేస్తారు. అందులోనే రెండు మాటలు మార్చి ఇస్తే మాత్రం ‘మిస్, గుణించాలా, భాగించాలా?’ అని నా మొహం చూస్తారు. పిల్లలకి ఆలోచించడం నేర్పండి అని మీటింగుల్లో చెప్పేదీ కోఆర్డినేటరే, పోర్షన్ ఎందుకు అవ్వలేదని అడిగేదీ ఆవిడే. అసలు ఆలోచించడం నేర్పగలమా? నేర్పితే ఎప్పుడు నేర్పాలి?
– పేరు వద్దన్న టీచర్, బెంగళూరు

జవాబు: నేర్పగలం మేడమ్. దానికి వేరే పీరియడ్ అక్కర్లేదు, శుక్రవారం శుక్రవారం ఒక పజిల్ ఇచ్చినంత మాత్రాన అది రాదు కూడా. పజిల్ చకచకా విప్పే పిల్లాడే భిన్నాల లెక్క దగ్గరికొచ్చేసరికి మళ్లీ మీ మొహం చూస్తాడు, ఎందుకంటే ఆలోచన ఎప్పుడూ ఏదో ఒక విషయం మీదే నడుస్తుంది, విషయం లేకుండా విడిగా ఒంటబట్టదు. అందుకే ఎక్కాలు బట్టీ పట్టించడం మానకండి. ఏడెనిమిదులు ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టుకునే పిల్లకి ఇక లెక్క గురించి ఆలోచించే తీరిక ఎక్కడుంటుంది?

‘గుణించాలా, భాగించాలా’ అని అడగడం పిల్లల తెలివితక్కువతనం కాదు. ఏళ్ల తరబడి మనం అలవాటు చేసిందే అది. పాఠం భాగాహారమైతే కింద లెక్కలన్నీ భాగాహారాలే, చదవకుండా చేసినా మార్కులు పడతాయి. ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కూడా కాదు. 1980ల మొదట్లో అమెరికాలో 13 ఏళ్ల పిల్లలకి జాతీయ స్థాయి పరీక్షలో ఒక లెక్క ఇచ్చారు: 1128 మంది సైనికులు, బస్సుకి 36 మంది, ఎన్ని బస్సులు కావాలి? నూటికి డెబ్భై మంది దాకా భాగాహారం సరిగ్గానే చేశారు. 32 అని రాసినవాళ్లు మాత్రం పావు వంతు కూడా లేరు, చాలామంది ‘31, శేషం 12’ అని రాసి ఊరుకున్నారు. ఆ పన్నెండు మంది ఇంకా రోడ్డు మీదే నిలబడి ఉన్నారన్న సంగతి వాళ్లకి తట్టలేదు.

ఇదే లెక్కని మీ క్లాసుకి తగ్గట్టు మార్చి ఇవ్వండి. మీ 46 మందినీ కస్తూర్బా రోడ్డులో ఉన్న విశ్వేశ్వరయ్య మ్యూజియానికి తీసుకెళ్లాలి, టెంపో ట్రావెలర్‌లో డ్రైవర్ సీటు కాక 12 సీట్లు, ఎన్ని బండ్లు మాట్లాడాలి? చెప్పగానే పెన్ను పట్టుకోనివ్వకండి. ముందు ఎవరికి వాళ్లు పక్కనున్నవాళ్లకి ఆ లెక్కని సొంత మాటల్లో చెప్పాలి, ఏం ఇచ్చారు, ఏం అడిగారు, ఇంకా ఏం తెలియాలి అని. రెండు నిమిషాలు చాలు. అంతమందిని గ్రూపులుగా కూర్చోబెడితే బెంచీలు జరపడానికే సగం పీరియడ్ పోతుంది, పక్కవాళ్లతో సరిపెట్టండి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, స్కూల్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు ఉంటారు, ఆ రెండు నిమిషాలూ ఏ భాషలో చెప్పుకున్నా అడ్డు చెప్పకండి. లెక్క వచ్చి కూడా ఇంగ్లీషు వాక్యం దగ్గరే ఆగిపోయే పిల్లలు చాలామంది.

నాలుగు బండ్లు అని తేలాక ఎవరో ఒకరు ‘మరి మిస్సులో?’ అంటారు. అనకపోతే మీరే అడగండి. ఇద్దరు టీచర్లు వస్తే 48, నాలుగు బండ్లూ సరిగ్గా నిండిపోతాయి. ఆయమ్మ కూడా వస్తే? ఆ ఒక్కరి కోసం ఐదో బండి మాట్లాడాలా, ఎవరైనా సర్దుకోవచ్చా, సర్దుకుంటే సీటు బెల్టు సంగతేంటి? ఇక్కడ క్లాసంతా వాదనకి దిగుతుంది. దయచేసి ఆ గోల ఆపకండి, మీరు అడుగుతున్న ఆలోచన అదే.

హంగేరీలో పుట్టిన గణితవేత్త జార్జ్ పోల్యా 1945లోనే ఈ పనిని నాలుగు అంచెలుగా చెప్పాడు. సమస్యని అర్థం చేసుకోవడం, దారి వెతకడం, ఆ దారిలో చేయడం, చేశాక వెనక్కి తిరిగి చూసుకోవడం. మొదటి రెండూ బోర్డు దగ్గర మనమే చేసేస్తాం, పిల్లలకి మిగిలేది మూడోదే, నాలుగోదాని వేళకి బెల్లు కొట్టేస్తారు. నా మటుకు నాకు నాలుగోదే అన్నిటికన్నా ముఖ్యం. ఈ జవాబు నిజంగా కుదురుతుందా, ఇంకో దారి ఉందా అని వెనక్కి చూసే అలవాటున్న పిల్లలు ‘శేషం 12’ దగ్గర ఆగిపోరు. దీనికి నాకు తెలిసిన మంచి పద్ధతి, ఒక తప్పు లెక్కని ఎవరిదో చెప్పకుండా బోర్డు మీద రాసి ఎక్కడ దారి తప్పిందో పట్టుకోమనడం. పట్టుకున్నవాళ్లు ఎందుకు తప్పో కూడా చెప్పాలి.

ఇంకో సంగతి, ప్రశ్న వేశాక ఆగండి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు క్లాసుల్ని రికార్డు చేసి చూస్తే టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. దాన్ని మూడు సెకన్లు చేసినచోట జవాబులు పొడుగయ్యాయి, నోరు విప్పని పిల్లలు మాట్లాడారు, ‘తెలీదు’ అనేవాళ్లు తగ్గారు. బోర్డు ముందు నిలబడ్డవాళ్లకి మూడు సెకన్లు చాలా ఎక్కువసేపు అనిపిస్తుంది, మొదటి బెంచీలో చేతులు లేస్తూనే ఉంటాయి, అయినా మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ ఆగండి.

పోర్షన్ మాటకొస్తే, ప్రతి లెక్కకీ ఇలా కూర్చుంటే ఏడాది చాలదు. పాఠానికి ఒకటో రెండో లెక్కలు ఎంచుకోండి, మిగతావి మామూలుగానే కానివ్వండి. యూనిట్ టెస్టులో ‘ఏం అడిగారో నీ మాటల్లో రాయి’ అని ఒక్క మార్కు పెట్టగలిగితే పిల్లలు చదవడం మొదలుపెడతారు. మీది సీబీఎస్ఈ స్కూలైతే, పదో తరగతి పేపర్లో సగం ప్రశ్నలు నేర్చుకున్నదాన్ని కొత్త సందర్భంలో వాడమనేవేనని కోఆర్డినేటర్‌కి గుర్తుచేయండి. బట్టీ తగ్గించమని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెప్పింది. అడిగేది మీ సొంత సరదా కాదని ఆవిడకి తెలియాలి.

ప్రశ్న: మా పాప ఐదో తరగతి. ఆలోచనాశక్తి పెరుగుతుందని అబాకస్ క్లాసులో చేర్పించమంటున్నారు. ఫీజు బాగానే ఉంది. చేర్పించమంటారా?
– ఒక తండ్రి, కె.ఆర్. పురం

జవాబు: పాపకి ఇష్టమైతే చేర్పించండి, కూడికలు తీసివేతల్లో వేగం వస్తుంది. ఏ లెక్కకి ఏం చేయాలో తేల్చుకోవడం మాత్రం వేరే పని, అది వేగంతో రాదు. డబ్బు ఇబ్బంది అనుకుంటే మానేయండి, నష్టమేం లేదు. హోంవర్క్ చేస్తూ ‘నాన్నా, ఇది రావట్లేదు’ అన్నప్పుడు పుస్తకం లాక్కుని చేసిపెట్టకుండా ‘ఏం అడిగారో చెప్పమ్మా’ అనండి. చెప్పేటప్పుడే సగం లెక్క విడిపోతుంది. విడిపోకపోతే అంకెలు చిన్నవి చేసి, 1128 బదులు 12 పెట్టి చేయమనండి. అప్పటికీ రాకపోతే వదిలేసి అన్నం పెట్టండి, రేపు పొద్దున మళ్లీ చూడొచ్చు.