తలకి కరెంట్ పెట్టించుకుంటే నత్తి పోతుందా?

ప్రశ్న: నా వయసు 31. చిన్నప్పటి నుంచీ నత్తి. కస్టమర్లతో ఫోన్లో మాట్లాడే జాబ్, నా పేరు చెప్పే దగ్గరే ఆగిపోతాను. ఒక క్లినిక్ వాళ్లు బ్రెయిన్ స్టిమ్యులేషన్ పది సిట్టింగులు చేయించుకుంటే మొత్తం పోతుందంటున్నారు. చేయించుకోవచ్చా డాక్టర్ గారూ? - ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: ముందు ఆ "మొత్తం పోతుంది" అన్న మాట నమ్మకండి. పెద్దవాళ్లలో నత్తిని పూర్తిగా తీసేసే మందు గానీ మెషీన్ గానీ ఇప్పటిదాకా రాలేదు. అలాగని ఇదంతా మోసం అని కూడా అనను, దీని మీద మంచి రీసెర్చే జరిగింది.

వాళ్లు చెప్తున్నది బహుశా టీడీసీఎస్ అయ్యుంటుంది. ఉప్పునీళ్లలో తడిపిన స్పాంజి ప్యాడ్లు తలకి పెట్టి 1 లేదా 2 మిల్లీ ఆంపియర్ల కరెంట్ పంపుతారు, మత్తు ఉండదు, మెలకువగానే కూర్చుంటారు, ప్యాడ్ కింద కాస్త చిమచిమలాడుతుంది, దురద పెడుతుంది, కొందరికి తలనొప్పి వస్తుంది అంతే, షాక్ ట్రీట్‌మెంట్‌కీ దీనికీ సంబంధం లేదు. నత్తి ఉన్నవాళ్లలో మాటని నడిపించే మెదడు ఎడమవైపు ముందు భాగం సరిగ్గా పనిచేయట్లేదని స్కాన్లలో కనిపించింది కాబట్టి అక్కడ పెడతారు.

ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2018లో పబ్లిష్ చేసిన స్టడీలో నత్తి ఉన్న 30 మంది మగవాళ్లని తీసుకుని సగం మందికి నిజం కరెంట్, సగం మందికి ఉత్తుత్తి కరెంట్ పెట్టారు, రోజుకి 20 నిమిషాల చొప్పున 5 రోజులు. అసలు విషయం ఏంటంటే ఆ 20 నిమిషాలూ వాళ్లని ఊరికే కూర్చోబెట్టలేదు, ఇంకొకరితో గొంతు కలిపి చదివించారు, మెట్రోనోమ్ (ఒకే లయలో టిక్ టిక్ అనే పరికరం) శబ్దానికి తగ్గట్టు మాట్లాడించారు. స్కూల్లో అందరితో కలిసి వేమన పద్యం చెప్పేటప్పుడు మీకూ నత్తి వచ్చి ఉండదు, గుర్తుచేసుకోండి. అలా కాసేపు వచ్చే ధారని నిలబెట్టడానికి కరెంట్ సాయపడుతుందా అని చూశారన్నమాట. వారం తర్వాత చూస్తే కరెంట్ పెట్టినవాళ్లలో తడబాటు 12 శాతం నుంచి 9 శాతం లోపుకి తగ్గింది, ఉత్తుత్తి గ్రూపులో పెద్దగా మార్పు లేదు. కానీ ఆరు వారాలకి చదవడంలో లాభం మిగిలింది, మామూలు సంభాషణలో మాత్రం మళ్లీ మొదటికే వచ్చింది. మీకు కావాల్సిందేమో సంభాషణే!

కాబట్టి ఆ క్లినిక్‌లో ఒక్కటే అడగండి, కరెంట్ పెట్టినంతసేపూ స్పీచ్ థెరపిస్ట్ పక్కనుండి ప్రాక్టీస్ చేయిస్తారా అని. లేదంటే డబ్బులు కట్టకండి. ఫిట్స్ ఉన్నా, తలలో లోహపు ప్లేట్లున్నా, పేస్‌మేకర్ ఉన్నా అసలు వద్దు. ఆన్‌లైన్‌లో మెషీన్ కొని ఇంట్లో పెట్టుకునేవాళ్లున్నారు, చర్మం కాలుతుంది, ఆ పని చేయకండి. (వస నాకలేదనో నాలుక మందంగా ఉందనో ఎవరైనా అంటే వదిలేయండి, నత్తికి నాలుకతో పనిలేదు.)

మీరు ముందు చేయాల్సింది స్పీచ్ థెరపీ. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ వైకల్యాల సంస్థ రీజనల్ సెంటర్ ఉంది, మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది, రెండూ కేంద్ర ప్రభుత్వానివే. పేరు దగ్గర ఆగిపోవడం నత్తి ఉన్నవాళ్లలో చాలా కామన్, మొదటి అక్షరాన్ని నొక్కి పట్టకుండా మెల్లగా, కొంచెం సాగదీసి అందుకోవడం నేర్పిస్తారు. ఈలోగా ఫోన్ ఎత్తగానే "నాకు కొంచెం నత్తి ఉందండీ, ఒక్క క్షణం టైమివ్వండి" అని మీరే చెప్పేసి చూడండి, దాచిపెట్టాలన్న టెన్షన్ పోతే చాలామందికి మాట కాస్త తేలికవుతుంది.